అశోక్‌నగర్‌లో కొనుక్కునే చదువు మా కాలేజీలో ఎందుకు దొరకదు?

తెలంగాణ ఉన్నత విద్యా మండలి అధ్యక్షుల వారికి,



గౌలిపుర నుంచి రాస్తున్నాను. లాల్‌దర్వాజా, శాలిబండ, ఛత్రినాకల నడుమ ఉన్న మా బస్తీలో నాకో జిరాక్స్ దుకాణం ఉంది. బోర్డు మీద జిరాక్స్ అని ఉన్నా అసలు పని ఆన్‌లైన్ దరఖాస్తులది. ఎప్‌సెట్ వెబ్ ఆప్షన్లు, ఈపాస్ స్కాలర్‌షిప్‌లు, మీ మండలి నడిపే డిగ్రీ ప్రవేశాల దోస్త్ దరఖాస్తులు మా గల్లీల పిల్లలు చాలామంది నా దగ్గరే నింపుకుంటారు. ఊరికి ఆషాఢం బోనాల నెల, నాకు అడ్మిషన్ల నెల. ఇంట్లో తేలని లొల్లి నా దుకాణం బెంచీ మీదికొస్తుంది. అక్కడ విన్నదీ కన్నదీ మీ చెవిన వేయాలని, రెండు మూడు పనులు మీ చేత చేయించుకోవాలని ఈ ఉత్తరం. నేను సిటీ కాలేజీలో బి.ఏ. చదివినవాణ్ణి. కాబట్టి నాకు పక్షం లేదని చెప్పను.

మొన్నటి అడ్మిషన్లప్పుడు ఒక తండ్రి, కూతురు వచ్చారు. ఆయన ఆటో నడుపుతాడు. అమ్మాయిది ఇంటర్‌లో హెచ్.ఈ.సి., మార్కులు బాగా వచ్చాయి. బి.ఏ.లో చరిత్ర, ఆర్థికశాస్త్రం, రాజనీతి శాస్త్రం తీసుకుంటానంటుంది. తండ్రి అప్పటికే పది మందిని అడిగి వచ్చినట్టున్నాడు.

"అన్నా, బి.ఏ. ఒద్దు. బీకాం కంప్యూటర్స్ పెట్టు. బి.ఏ. చేస్తే ఏం ఫాయిదా? ఎవడిస్తడు నౌకరి?"

"నేను గ్రూప్స్ రాస్త డాడీ. అండ్ల వచ్చేటియి గివే సబ్జెక్టులు."

"గ్రూప్స్‌కు డిగ్రీ అయినంక కోచింగ్ తీస్కుందువు తియ్యి. ముందుగాల ఇది కానీ."

ఆ తండ్రి పిల్ల చదువు వద్దనడం లేదు. చరిత్ర, రాజ్యాంగం, ఆర్థికశాస్త్రం అక్కరకు రావనీ అనడం లేదు. అవి డిగ్రీలో చదివితే పనికిరావు, డిగ్రీ అయ్యాక ఫీజు కట్టి చదివితే పనికొస్తాయి అంటున్నాడు. ఈ నమ్మకం ఆయన ఒక్కడిది కాదు, ఊరంతటిదీ. ఊరికి ఆ నమ్మకం ఎలా వచ్చిందో ఆలోచించవలసినవారు మీరు.

2024 ఫిబ్రవరిలో మన పబ్లిక్ సర్వీస్ కమిషన్ 563 గ్రూప్-1 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. మెయిన్స్‌లో ఆరు పేపర్లు, ఒక్కోటి 150 మార్కులు. మొదటిది వ్యాసరచన. తర్వాత చరిత్ర, సంస్కృతి, భూగోళం. ఆ తర్వాత భారత సమాజం, రాజ్యాంగం, పాలన. తర్వాత ఆర్థిక వ్యవస్థ, అభివృద్ధి. ఇంకొకటి తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావం. సైన్సు, టెక్నాలజీ, డేటా విశ్లేషణకు ఒక్క పేపరు. అర్హత కోసం రాసే ఇంగ్లీషు వేరే. అంటే డిప్యూటీ కలెక్టరును, డీఎస్పీని ఎంచుకోవలసి వచ్చినప్పుడు ప్రభుత్వం ఆరింట ఐదు పేపర్లలో బి.ఏ. చదువునే పరీక్షిస్తోంది. తెలుగులో, ఇంగ్లీషులో, ఉర్దూలో ఏ భాషలో రాసినా సరే అంటోంది. మా పాతబస్తీ పిల్లలకు ఇంతకంటే అనువైన పరీక్ష ఏముంటుంది?

కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్ గల్లీల్లో, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో ఒకసారి చూడండి. బీటెక్ చేసినవాళ్ళు హాస్టల్ గదుల్లో ఉంటూ, ఫీజులు కట్టి, శాతవాహనుల దగ్గర్నుంచి మొదలుపెట్టి చదువుతుంటారు. వాళ్ళ ముందున్న పుస్తకాల్లో సగం తెలుగు అకాడమీవి. పి.వి.నరసింహారావు తొలి అధ్యక్షుడుగా 1968లో పెట్టిన ఆ అకాడమీ ఆ పుస్తకాల్లో చాలావాటిని అచ్చువేసింది ఇంటర్, డిగ్రీ పిల్లల కోసం. ప్రజల సొమ్ముతో కాలేజీ పిల్లలకని తయారైన పుస్తకం కాలేజీలో దుమ్ము పట్టి, కోచింగ్ సెంటర్లలో పాఠమవుతోంది. ఆ ఫీజు, ఆ హాస్టల్ అద్దె కట్టుకోగలిగినవాళ్ళకు సరే. ఆటో నడిపే ఇంటి పిల్ల మూడేళ్ళు ఒక డిగ్రీ చదివి, మళ్ళీ రెండేళ్ళు ఇంకో చదువు కొనుక్కోవాలంటే ఎక్కణ్ణుంచి తెస్తుంది?

నేను ఇంజనీరింగుకు వ్యతిరేకిని కాను. మా గల్లీలోనే ఒక ఇంటి కొడుకు హైటెక్ సిటీలో ఉద్యోగం తెచ్చుకుంటే తల్లి మిషన్ కుట్టడం మానింది, చెల్లెలి పెళ్ళి జరిగింది, రేకుల ఇంటికి స్లాబు పడింది. నాలుగేళ్ళలో ఇంటికి జీతం రావాలన్న తొందర పేదవాడికి ఉండి తీరుతుంది. దాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు.

ఈ నగరం నిలబడిందే ఇంజనీర్ల పుణ్యాన. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఎగువన జలాశయాలు కట్టి వరదను ఆపవచ్చని ఆయన చెప్పాడు. ఆ ఆలోచన మీదే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. మా తాతల కాలం నుంచి ఆ నీళ్ళే తాగాం. అయితే ఆ విశ్వేశ్వరయ్య ముందుగా తీసుకున్న పట్టా ఏమిటో చాలామందికి తెలియదు. 1881లో బెంగళూరు సెంట్రల్ కాలేజీ నుంచి ఆయన బి.ఏ. పట్టభద్రుడు. ఆ తర్వాతే పుణె వెళ్ళి సివిల్ ఇంజనీరింగ్ చదివాడు. ఆనాటి బి.ఏ. వేరు, ఈనాటిది వేరు అని మీరనవచ్చు. ఒప్పుకుంటాను. అప్పట్లో ఈ రెండు చదువుల మధ్య ఇంత ఎత్తు గోడ లేదనడానికి మాత్రం అది సాక్ష్యమే.

అదే నగరంలో 2020 అక్టోబరులో వానలు పడి, గుర్రం చెరువు కట్ట తెగింది. బాలాపూర్ వైపు నుంచి వచ్చిన నీళ్ళు పాతబస్తీ దక్షిణపు కాలనీలను ముంచేశాయి. మా పక్కనున్న ఛత్రినాకలో ఇళ్ళల్లోకి నీళ్ళొచ్చి బియ్యం డబ్బాలు తేలాయి. నాలా ఎంత వెడల్పు ఉండాలో ఇంజనీరు లెక్కగట్టగలడు. చెరువు శిఖంలో ఇళ్ళెలా లేచాయి, ఆ జాగా రికార్డులో ఎవరి పేరునుంది, లేఅవుటుకు ఎవరు అనుమతిచ్చారు, అక్కడ కొనుక్కున్న పేదవాడికి వేరే దారి ఎందుకు లేకపోయింది? వీటికి జవాబు రెవెన్యూ చరిత్రలో ఉంది, చట్టంలో ఉంది, ఆర్థికశాస్త్రంలో ఉంది. అవి తెలిసిన మనిషి పక్కన లేకపోతే ఎంత మంచి ఇంజనీరు వేసిన నక్షా అయినా బీరువాలోనే ఉండిపోతుంది.

ఇప్పుడు మెట్రో సంగతి. 2024 మార్చి 8న ఫలక్‌నుమాలో ముఖ్యమంత్రి పాతబస్తీ మెట్రోకు శంకుస్థాపన చేశారు. ఇప్పుడా మార్గం ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్లు. దారుల్‌షిఫా, శాలిబండల మీదుగా దానికోసం చేసే రోడ్డు విస్తరణలో ఆస్తులు పోయేవాళ్ళకు గజానికి 81 వేల రూపాయల పరిహారం ప్రకటించారు. సొమ్ము చేతికి రావాలంటే ఆస్తి తనదని కాగితం చూపాలి. అప్పుడు నా దుకాణానికి వచ్చిన ఒక పెద్దమనిషి గురించి చెప్పాలి. ఆయన తాత కొన్న మల్గీకి, అంటే దుకాణపు గదికి, సంబంధించిన బైనామా (అమ్మకపు దస్తావేజు) ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని వచ్చాడు. నిజాం కాలపు స్టాంపు కాగితం, నాలుగు మడతల దగ్గరా చిరిగి ఉంది. రాత అంతా ఉర్దూ, అదీ అక్షరం అక్షరంలో కలిసిపోయే షికస్తా. తేదీ చూస్తే బహ్మన్ నెల 1345 ఫసలీ. వెంట వచ్చిన మనవడు బీటెక్ చదువుతున్నాడు, తెలివైనవాడు. ఫోనులో ఫొటో తీసి అనువాదం చేయించబోయాడు. అది రెండు మాటలు పట్టుకుని మిగతాదంతా వదిలేసింది.

చివరికి మొగల్‌పురాలో ఉండే ఒక రిటైర్డ్ ఉర్దూ మాస్టారు వచ్చి చదివారు. 1345 ఫసలీకి 590 కలిపితే 1935, బహ్మన్ అంటే డిసెంబరు దగ్గర అని లెక్క చెప్పారు. మషరిఖ్ అన్న చోట తూర్పున ఎవరి ఇల్లుందో, మగ్రిబ్ అన్న చోట పడమర ఏ గల్లీ ఉందో, షుమాల్, జనూబ్ అన్న చోట్ల ఉత్తర దక్షిణాలు చదివి వినిపించారు. నేను తెలుగులో టైపు చేశాను. మనవడు ఇప్పటి కొలతలతో పోల్చి చూశాడు. ముగ్గురం కలిస్తే ఒక కాగితం నోరు విప్పింది. ఆ మాస్టారికి డెబ్బై దాటాయి. ఆయన తర్వాత ఆ పని చేయగలవాళ్ళెవరో మా బస్తీలో నాకు తెలియదు.

ఇది ఒక్క మల్గీతో పోయే విషయం కాదు. సేత్వార్, ముంతఖబ్, 1954-55 ఖాస్రా పహాణీ అన్న పాత భూమి రికార్డుల మాట లేకుండా తెలంగాణలో ఏ పెద్ద భూతగాదా తేలదు. వాటి పాత ప్రతులు చాలావరకు ఉర్దూలోనే. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబుల నాటి పారశీక కాగితాల నుంచి నిజాం సర్కారు ఫైళ్ళ దాకా ఉన్నాయి. 2017లో రాష్ట్రమంతటా ఉర్దూను రెండో అధికార భాష చేస్తూ చట్టం సవరించారు, ఆ మరుసటి ఏడు ఉర్దూ ఆఫీసర్లను నియమించారు. కోర్టుకు అనువాదకుడు కావాలి, కలెక్టరేటుకు కావాలి, ఉస్మానియా ఆసుపత్రి ఓపీలో తెలుగు డాక్టరుకూ ఉర్దూ రోగికీ మధ్య మనిషి కావాలి. తెలుగు, ఉర్దూ రెండూ నాలుక మీద ఆడే పిల్లలు మా బస్తీలో ఇంటికొకరు. ఆ రెంటినీ చదవడం, రాయడం నేర్పి, చట్టం నాలుగు ముక్కలు నేర్పి, చేతికి ఒక పట్టా ఇచ్చే కోర్సు మాత్రం మా దగ్గరలో కనపడదు. దీనికి మించిన ప్రయోజనకరమైన చదువు ఏముంటుందో మీరే చెప్పండి.

ఈ నగరానికి ఇది కొత్త సంగతీ కాదు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో మొదలవడానికి ఏడాది ముందే, 1917లో, దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థను పెట్టారు. మౌల్వీ అబ్దుల్ హఖ్ దాని తొలి బాధ్యుడు. జోష్ మలీహాబాదీ వంటి కవి అందులో కొలువు చేశాడు. వహీదుద్దీన్ సలీం సాంకేతిక పదాలు ఎలా తయారు చేయాలో ఏకంగా ఒక గ్రంథం రాశాడు. వీళ్ళంతా సాహిత్యం మనుషులు. వీళ్ళు కూర్చుని మాట తర్వాత మాట కల్పించి, పుస్తకం తర్వాత పుస్తకం తెచ్చినందువల్లనే వైద్యమూ ఇంజనీరింగూ ఇక్కడ ఒక భారతీయ భాషలో బోధించగలిగారు. తెలుగు పిల్లలకు ఆ ఉర్దూ మాధ్యమం ఎంత బరువైందో నాకు తెలుసు. ఆ బాధ చిన్నది కాదు. కానీ సాంకేతిక విద్య కింద భాషా పండితుడి కష్టం ఎంతుంటుందో అంత స్పష్టంగా చూపిన ఉదాహరణ దేశంలో మరొకటి లేదు.

తెలుగులో భద్రిరాజు కృష్ణమూర్తి చేసింది అలాంటి పనే. 1962లో ఆయన సంపాదకత్వంలో వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తిపదకోశం వచ్చింది, 1971లో చేనేత పదాలతో మరో సంపుటం వచ్చింది. నాగలిలో, మగ్గంలో ఒక్కొక్క భాగాన్ని ఏ జిల్లాలో ఏమంటారో ఊరూరా సేకరించి పెట్టారు. రైతుకు ఫోనులో తెలుగు సలహా పంపాలనుకునే కంపెనీకి ఈరోజు అటువంటి సంపదే కావాలి. గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీలో కంప్యూటరు చేత భాషలు అనువదించే పరిశోధన పాణిని వ్యాకరణ సంప్రదాయాన్ని ఆధారం చేసుకుని నడిచింది. కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో లిబరల్ ఆర్ట్స్ విభాగం ఉంది. అత్యుత్తమ సాంకేతిక సంస్థలు ఈ చదువును పక్కన పెట్టుకుని కూర్చున్నాయి. వద్దని వదిలించుకుంటున్నది సామాన్యుల పిల్లలు చదివే కాలేజీలే.

మన అనుబంధ ఇంజనీరింగ్ కాలేజీల్లో పరిస్థితి చూడండి. 2018లో వచ్చిన జె.ఎన్.టి.యు. ఆర్-18 నిబంధనల్లో భారత రాజ్యాంగం పేరుతో ఒక కోర్సు పెట్టారు, క్రెడిట్లు సున్నా. సున్నా అని రాసి పెట్టాక ఏ పిల్లవాడు శ్రద్ధగా చదువుతాడు, ఏ కాలేజీ దానికి మంచి అధ్యాపకుణ్ణి పెడుతుంది? ఆ పిల్లవాడే నాలుగేళ్ళ తర్వాత గ్రూప్-1 కోసం ఆర్టికల్ 14 దగ్గర మొదలుపెడతాడు.

అసలు జరుగుతున్నది ఆర్ట్సుకూ టెక్నికల్‌కూ పోటీ అని కూడా నేననుకోను. ఆ పోటీలో టెక్నికల్ గెలిచి ఉంటే సివిల్, మెకానికల్ కళకళలాడాలి కదా! రాష్ట్రంలోని ఇంజనీరింగ్ సీట్లలో సగానికి పైగా ఇప్పుడు కంప్యూటర్ సైన్సువి, దాని చుట్టూ పుట్టిన డేటా సైన్సు, ఏఐ, సైబర్ సెక్యూరిటీవి. మిగతా బ్రాంచీలు తగ్గించుకుని కంప్యూటర్ సీట్లు పెంచుకుంటామని కాలేజీలు 2024లో హైకోర్టు దాకా వెళ్ళాయి. విశ్వేశ్వరయ్య చదివిన సివిల్‌కే దిక్కు లేకపోతే హిస్టరీ మాట ఎవరెత్తుతారు? ఈ సంవత్సరం దేనికి గిరాకీ ఉందో దానికే సీటు, లేనిదాన్ని కోసెయ్యి అన్న ఒక్క లెక్క మీద చదువు నడుస్తోంది. ఇప్పుడు కోడు రాసే పనిలో కొంత యంత్రమే చేస్తోంది. నాలుగేళ్ళ తర్వాత గిరాకీ దేనికుంటుందో ఎవరు చెప్పగలరు? నా దుకాణంలో వెబ్ ఆప్షన్లు పెట్టించే ఏ తండ్రీ చెప్పలేడు, మీరూ చెప్పలేరు.

ఇక మన బి.ఏ. సంగతి. చెడ్డదాన్ని మంచిదని నేను వాదించను. గైడులు బట్టీపట్టి, ముఖ్యమైన ప్రశ్నలు ఐదారు రాసి పాసయ్యే బి.ఏ. ఆ ఆటో అన్న భయానికి నిజంగానే కారణం. క్లాసులు సరిగా జరగవు. అధ్యాపకుల్లో చాలామంది గెస్టు ఫ్యాకల్టీ, వాళ్ళ జీతాలు ఎప్పుడొస్తాయో వాళ్ళకే తెలియదు. డిగ్రీ పూర్తయిన పిల్లవాడు నా దుకాణానికొచ్చి ఒక దరఖాస్తు లేఖ రాసిపెట్టమంటాడు. మూడేళ్ళలో ఒక్క పేజీ సొంతంగా రాయించలేని చదువును ఏ పేరు పెట్టి కాపాడతాం? కాబట్టి నేను అడుగుతున్నది ఇప్పుడున్న బి.ఏ.ను ఇలాగే ఉంచమని కాదు.

ప్రభుత్వం తలచుకుంటే ఏం చేయగలదో సాంకేతిక విద్యలోనే చూశాం. 2024 జూన్‌లో మల్లేపల్లి ఐటీఐలో మొదలుపెట్టి, రాష్ట్రంలో 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని చేపట్టారు. పాతబడ్డ యంత్రాల బదులు కొత్తవి తెచ్చారు, కోర్సులు మార్చారు. చాలా మంచి పని, నిండు మనసుతో మెచ్చుకుంటున్నాను. స్కిల్స్ యూనివర్సిటీకి చట్టం చేశారు. ఇంజనీరింగ్ సీటుకు ర్యాంకు పదివేలు దాటిన బీసీ బిడ్డకు కూడా ఏడాదికి 35 వేల దాకా ఫీజు ఇస్తున్నారు. బకాయిలు పడుతున్నా పథకం ఉంది. ఇందులో పిసరంత శ్రద్ధ మా పాతబస్తీ డిగ్రీ కాలేజీల మీద పెట్టమంటున్నాను.

సిటీ కాలేజీ, హుస్సేనీ ఆలం మహిళా కాలేజీ, ఫలక్‌నుమా కాలేజీ మా పిల్లలకు నడిచో, ఒక్క బస్సెక్కో పోగలిగినవి. ముఖ్యంగా ఆడపిల్లలకు మూసీ దాటి పంపడానికి ఇప్పటికీ వెనకాడే ఇళ్ళున్నాయి. ఆ కాలేజీల్లో చేరికలు తగ్గాయన్న లెక్కతో బి.ఏ. గ్రూపులు ఎత్తెయ్యకండి. ఒక గ్రూపు ఎత్తేస్తే ఆ పిల్ల ఇంకో కాలేజీకి పోదు, ఆ చదువే మానుకుంటుంది. ప్రతి గ్రూపుకూ కనీసం మూడు నాలుగేళ్ళ గడువివ్వండి, ఆ గడువులో దాన్ని బాగుచేయండి.

బాగుచేయడం అంటే పెద్ద భవనాలు అక్కర్లేదు. ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషుల్లో దస్తావేజులు చదవడం, అనువదించడం ఒక పూర్తి సబ్జెక్టుగా సిటీ కాలేజీలో మొదలుపెట్టండి. హైకోర్టు ఆ కాలేజీ గోడ పక్కనే ఉంది, ఆర్కైవ్స్ తార్నాకలో ఉంది, విద్యార్థులను అక్కడ పనిలో కూర్చోబెట్టండి. ఒకప్పుడు మఖ్దూం మొహియుద్దీన్ పాఠం చెప్పిన కాలేజీ అది. భాష నేర్పడం దానికి కొత్త కాదు. గ్రూప్-1లో అడిగే వ్యాసరచనను మూడేళ్ళూ వారంవారం రాయించండి, దిద్దించండి. అది చేయడానికి రెగ్యులర్ అధ్యాపకులను వేయండి. బి.ఏ. పిల్లలకు సాయంత్రం పూట ఐటీఐలో ఒక చేతిపని నేర్చుకునే వీలు కల్పించండి, డేటా లెక్కలు చూడటం నేర్పండి. రాజ్యాంగానికి ఇంజనీరింగ్‌లో నిజమైన క్రెడిట్లు ఇవ్వండి, దాన్ని డిగ్రీ కాలేజీ రాజనీతి శాస్త్రం అధ్యాపకుల చేత చెప్పించండి.

చేసిన తర్వాత ఆ సంగతి మా బస్తీలో చెప్పండి. ఇంజనీరింగ్ కాలేజీల ఫ్లెక్సీలు మా గల్లీ మొదట్లో ఏప్రిల్‌కే కడతారు. ప్రభుత్వ డిగ్రీ కాలేజీ నుంచి ఒక్క మనిషి వచ్చి, ఈ బి.ఏ. చదివితే ఫలానా పనులున్నాయి అని తల్లిదండ్రులకు చెప్పడం నేను చూడలేదు. పంపితే నా దుకాణం ముందే కుర్చీలు వేయిస్తాను.

ఆ అమ్మాయి తరఫున దోస్త్‌లో నేను రెండూ పెట్టాను: మొదటి ఆప్షను తండ్రి అడిగిన బీకాం, రెండోది తను అడిగిన బి.ఏ. తండ్రి మాట ప్రకారం మొదటిదే వచ్చింది. వచ్చే ఏడు ఆమె చెల్లెలు ఇంటర్ పూర్తి చేస్తుంది. తనదీ హెచ్.ఈ.సి.యే. వచ్చే దోస్త్ నోటిఫికేషన్ వెలువడేలోపు పైన అడిగిన వాటిలో ఒక్కటైనా మొదలుపెట్టండి.

ఇట్లు,
గౌలిపుర నుంచి ఒక జిరాక్స్ దుకాణదారు
హైదరాబాద్